విశేషణాల మీద కూర్చోలేము

“మాష్టారూ! ఇంట్లోకి పాతకాలపు ఫ్రెంచి కుర్చీలు కొందామనుకుంటున్నాము. 15వ లూయీవి మంచివా, 16వ లూయీవి మంచివా?”

ఫ్రాన్సులో కాపురముంటున్న మన తెలుగు పిల్లలు నన్ను ఈ ప్రశ్న ఎన్నిసార్లు అడిగారో లెక్క తప్పింది. నేనిచ్చే సమాధానం మాత్రం వారికి రుచించడం లేదు. ప్రశ్నలోనే దోషమున్నదని నా వాదన. ముప్పైరెండేళ్లు వ్యాకరణం చెప్పి బతికినవాడిని గనుక ఆ దోషాన్ని వ్యాకరణ పరిభాషలోనే చెబుతాను. ‘15వ లూయీ కుర్చీ’ అన్నప్పుడు లూయీ విశేషణం, కుర్చీ విశేష్యం. మనవాళ్లు విశేషణానికి వెల చెల్లించి, విశేష్యాన్ని కొసరుగా వచ్చిన వస్తువులాగా ఇంటికి మోసుకొస్తున్నారు. ఇంటికి వచ్చిన చుట్టం కూర్చోవలసినది విశేష్యం మీద గదా!

ఈ సంగతులు నాకెట్లా తెలుసునని అడిగేవారికి ముందుగానే మనవి చేసుకుంటాను. అమ్మాయీ అల్లుడూ లియోన్ నగరంలో స్థిరపడిన తరువాత ఏడాదిలో నాలుగైదు నెలలు నాకక్కడే గడుస్తున్నాయి. పగలంతా వాళ్లిద్దరూ ఉద్యోగాలకు పోతారు. ఊరికే కూర్చోలేక కుర్చీల వెంట పడ్డాను. పక్కనే ఉన్న విల్యుర్బాన్‌లో పాతసామానుల సంత ఒకటి ఉన్నది. ఎండలు కాయడం మొదలుకాగానే చుట్టుపక్కల పల్లెల్లో ‘వీద్ గ్రెనియే’లు జరుగుతాయి. ఆ మాటకు అర్థం ‘అటక ఖాళీ’. తాతల నాటి సామాను అటక మీదినుండి దించి వీధిలో పరిచి అమ్ముకోవడమన్న మాట. అక్కడ పాత కుర్చీలు బాగుచేసే వడ్రంగులతోనూ, పరుపులు కుట్టేవారితోనూ కూర్చొని నాకొచ్చిన నాలుగు ఫ్రెంచి ముక్కలూ వాళ్ల వద్దే నేర్చుకున్నాను. వాళ్లెవ్వరూ కుర్చీని చూడగానే ఏ లూయీదని అడగగా నేను వినలేదు. చేతిలోకి తీసుకొని తలక్రిందులు చేస్తారు. నా వాదన మొత్తం ఆ ఒక్క పనిలో ఉన్నది.

ముందు ఈ రాజుల పేర్ల సంగతి తేలుద్దాము. అవి కేవలం సౌకర్యం కొరకు అంటగట్టిన పేర్లు. 16వ లూయీ గద్దెనెక్కినది 1774లో. ఆయన పేర చెలామణి అవుతున్న కుర్చీకి తిన్నని కాళ్లుంటాయి, కాళ్ల మీద నిలువు గాడులుంటాయి, కాలు చట్రాన్ని కలిసేచోట చిన్న చదరపు దిమ్మె, దానిమీద చెక్కిన పువ్వు ఉంటాయి. ఈ పోకడ ఆయన తాతగారైన 15వ లూయీ ఇంకా ఏలుతుండగానే, 1760ల్లోనే పారిస్‌లో తలెత్తినది. ‘గ్రీకు రుచి’ అని ఆనాటివారు దాన్ని పిలుచుకున్నారు. ఇక తాతగారి పాలన 1715 నుండి 1774 వరకు సాగినా, అందులో మొదటి ఎనిమిదేళ్లూ బాలరాజు తరఫున ప్రతినిధి ఏలినవి గనుక ఆ కాలపు కుర్చీలకు ‘రేజాన్స్’ అని వేరే పేరున్నది. అంటే పాలనకు ముందూ వెనుకా కూడా పేరు సరిపోలేదు. వీటన్నిటినీ మించినది వోల్తేర్ కుర్చీ. ఎత్తైన వీపుతో, నడుముకు ఆసరా ఇచ్చేటట్టు వంపు తిరిగి ఉండే చేతుల కుర్చీ అది. వోల్తేర్ 1778లో కన్నుమూశాడు. ఆ కుర్చీ వాడుకలోకి వచ్చినది 19వ శతాబ్దంలో. పాపం, ఆయన దాని మీద కూర్చున్నదెన్నడు?

అసలు నేడు సంతల్లోనూ అంగళ్లలోనూ ‘లూయీ’ అని కనిపించే కుర్చీల్లో అత్యధికం ఆ రాజులు పోయిన నూరేళ్లకో నూటయాభై ఏళ్లకో చేసినవి. మూడవ నెపోలియన్ ఏలుబడిలో (1852–1870) ఆయన భార్య యూజెనీకి మేరీ ఆంత్వానెత్ అంటే వల్లమాలిన మక్కువ ఉండేది. రాణిగారి మక్కువ ఊరివారి మక్కువ అయినది. పారిస్‌లో సెయింట్ ఆంత్వాన్ పేటలోని వడ్రంగులు పాత రాజుల పోకడలన్నిటినీ మళ్లీ మొదటినుండి చేసిపెట్టారు. అది 20వ శతాబ్దంలోనూ సాగింది. 2002లో ఫిలిప్ స్టార్క్ 16వ లూయీ గుండ్రని వీపు కుర్చీని పారదర్శకమైన ప్లాస్టిక్‌లో రూపొందించి దానికి ‘లూయీ ఘోస్ట్’ అని పేరు పెట్టాడు. లూయీ దయ్యమని అర్థం. తాను దయ్యాన్నని ఒప్పుకున్న కుర్చీ అదొక్కటే.

మన దగ్గర మాత్రం? పెళ్లి రిసెప్షన్లలో వేదిక మీద వధూవరులను కూర్చోబెట్టే బంగారు రంగు సోఫాను ఒకసారి తేరిపార చూడండి. వంకర కాళ్లు, వీపు నెత్తిన గవ్వ, అంచుల వెంబడి ఆకులు. అది మన మహారాజుల సింహాసనమని అనుకునే అమాయకులున్నారు. దాని పూర్వీకులు 15వ లూయీ కాలంలో పారిస్‌లో పుట్టారు. కళ్యాణ మండపంలో దాన్ని చూసి చూసి, ఫ్రాన్సుకు వెళ్లిన మనవాడికి అటువంటిదే కంటబడగానే ప్రాణం లేచివస్తుంది. అతణ్ణి నేను తప్పు పట్టను. ఆ మమకారాన్ని కనిపెట్టి రెండింతల ధర చెప్పేవాణ్ణి తప్పు పడతాను.

వాడిని పట్టుకోవడానికి ఒక సాధనమున్నది. ఫ్రెంచివారి చట్టం ఈ విషయంలో మన వ్యాకరణవేత్తల కంటె నిక్కచ్చిగా ఉంటుంది. 1981 మార్చి 3 నాటి ప్రభుత్వ ఉత్తర్వొకటి కళావస్తువుల అమ్మకంలో ఏ మాటకు ఏ అర్థమో నిర్దేశించినది. వస్తువును ఫలానా కాలం నాటిదని, అంటే ‘ఎపోక్’ అని రాసి అమ్మితే అది నిజంగా ఆ కాలంలో తయారైనదని అమ్మేవాడు హామీ ఇచ్చినట్లే. అందులో కొన్ని భాగాలు తరువాతివైతే ఆ సంగతి కొనేవాడికి చెప్పితీరాలి. ‘స్తీల్’ అని, అంటే ఫలానా శైలి అని రాస్తే ఏ హామీ లేదు. రెండక్షరాల తేడా! నిఘంటువు తిరగేసేవాడికి అవి పర్యాయపదాల్లాగా తోచవచ్చు. న్యాయస్థానంలో ఒకటి వాగ్దానం, రెండవది వర్ణన. పైగా కొనేవాడు అడిగితే వస్తువు స్వభావం, దేనితో చేసినది, ఎక్కడిది, ఏనాటిది అన్నవాటిని గురించి తాను చెప్పిన మాటలన్నీ రశీదులో రాసివ్వవలసిన బాధ్యత అమ్మకందారుకు ఉన్నది. అడిగితేనే సుమా! మనవాళ్లు అడగరు. అడగడం మర్యాద కాదనుకుంటారు.

అడగకపోతే ఏమవుతుందో నిరుడు నేను కళ్లారా చూశాను. ఊరు చెప్పను, అంగడి పేరు చెప్పను. గోదావరి జిల్లాలనుండి వెళ్లిన దంపతులు. అబ్బాయి తండ్రిగారు మొట్టమొదటిసారి ఆ దేశం వస్తున్నారు. మోకాళ్లు అరిగిపోయిన పెద్దమనిషి. నాన్నగారు దర్జాగా కూర్చోవాలన్న కోరికతో అబ్బాయి నెలల తరబడి కూడబెట్టిన సొమ్ము పోసి ‘బెర్జేర్’ల జత కొన్నాడు. బెర్జేర్ అంటే చేతుల కింద కూడా గుడ్డతో మూసి, కూర్చునేచోట విడి మెత్త వేసిన పెద్ద కుర్చీ. అంగడిలో నోటిమాటగా చెప్పినది ‘ఎపోక్’. రశీదులో రాసినది ‘స్తీల్’. అబ్బాయి నాకు రశీదు చూపించి “15వ లూయీ అని రాశారుగా మాష్టారూ!” అన్నాడు. దానికి ముందున్న మాటను అతను చదవనే లేదు. పెద్దాయన వచ్చారు. కూర్చున్నారు. కొత్త స్పాంజి మెత్త కుంగిపోయి మోకాళ్లు నడుము కంటె పైకి వచ్చాయి. ఆ లోతునుండి లేవడానికి ఆయనకు ప్రతిసారీ ఎవరో ఒకరు చేయి అందించవలసి వచ్చేది. రెండో రోజునుండి ఆయన వంటింట్లోని చెక్క స్టూలు తెచ్చుకొని దానిమీదే కాలం గడిపారు. కొడుకు బాధపడతాడని, నాకు ఎత్తుమీద అలవాటు నాయనా అని సర్దిచెప్పేవారు. ఆ కుర్చీలలో ఒకదాన్ని నేనూ ఆ అబ్బాయీ కలిసి బోర్లా తిప్పి, అడుగున కుట్టిన నల్లగుడ్డ ఒక మూల తొలగించి చూశాము. అతని ముఖంలోకి చూడడానికి నాకు ధైర్యం చాలలేదు.

అడుగున ఏమి చూడాలో ఇప్పుడు చెబుతాను. ఇది కొంచెం విస్తారంగా చెప్పక తప్పదు.

ఫ్రెంచివారిలో కుర్చీలు చేసేవారూ, బీరువాలూ బల్లలూ చేసేవారూ వేరువేరు. ఖరీదైన చెక్క పలుచని పొరలుగా అతికించి పనితనం చూపేవారు ‘ఎబెనీస్త్’లు. గట్టి చెక్కతో చట్రం కట్టేవారు ‘మెన్విజియే’లు. కుర్చీలు ఈ రెండోవారి సొత్తు. జోర్జ్ జకోబ్ వంటి మహామహులు ఈ కోవలోనివారు. వారు ఎక్కువగా వాడినది బీచ్ చెక్క, అక్రోటు చెక్క. బీచ్ చౌక. రంగో బంగారు రేకో వేయదలచుకుంటే అదే. అక్రోటు అందమైనది గనుక మైనం పూసి అట్లాగే వదిలేవారు. బీచ్ అంటే పురుగుకు మహా ఇష్టం. కనుక అడుగున సూది బెజ్జాలు కనిపిస్తే ఉలికిపడనక్కరలేదు గానీ, బెజ్జాలనుండి పొడి రాలుతున్నదా అని తట్టి చూడవలె. రాలితే పురుగు ఇంకా కాపురముంటున్నదన్న మాట. వేలిగోరుతో నొక్కితే దిగబడే చెక్కను ఏ లూయీ వచ్చినా కాపాడలేడు.

తరువాత కీళ్లు. మంచి పాత కుర్చీలో ఒక చెక్క మొనను రెండవ చెక్క తొలిలో దూర్చి, అడ్డంగా చెక్క మేకు దిగగొడతారు. ఆ మేకు చేతితో చెక్కినది గనుక నిండు గుండ్రంగా ఉండదు. చెక్క ఎండి కుదించుకున్నకొద్దీ మేకు తల రవ్వంత పైకి తేలుతుంది. వేలితో తడిమితే తెలుస్తుంది. యంత్రంలోనుండి వచ్చిన మేకులైతే అచ్చు గుద్దినట్లు గుండ్రంగా ఉంటాయి. రంపపు గీతలు కూడా మాట్లాడతాయి. చేతి రంపం గీతలు తిన్నగా, అయితే ఎగుడుదిగుడుగా ఉంటాయి. చక్రపు రంపం వంపు గీతలు గీస్తుంది. ఇక చట్రం అంచున చీలల బెజ్జాలు. రెండున్నర శతాబ్దాల కుర్చీకి గుడ్డ ఎన్నోసార్లు మార్చి ఉంటారు. మార్చినప్పుడల్లా కొత్త చీలలు, కొత్త బెజ్జాలు. అంచంతా జల్లెడలాగా ఉండవలె. ఎపోక్ అని చెప్పిన కుర్చీకి ఒకే ఒక్క వరుస చీలల గుర్తులుంటే అమ్మేవాడికి నమస్కారం పెట్టండి. అట్లాగే, స్ప్రింగులు కుర్చీల్లోకి ఎక్కినది 19వ శతాబ్దంలో. 18వ శతాబ్దపు కుర్చీకి నవారు, ఆ మీద గుర్రపు వెంట్రుకల మెత్త, అంతే. అవును, నవారే! మన పడక మంచానికి అల్లినట్లే అడ్డంగా నిలువుగా అల్లుతారు. తొలిసారి చూసినప్పుడు నాకు మా ఇంటి మంచం గుర్తుకొచ్చి ఎంతో సంతోషం కలిగింది.

పనివాడి ముద్ర సంగతి అందరూ అడుగుతారు. 1743లో రాసి 1751లో అమలుకు తెచ్చిన నియమాల ప్రకారం పారిస్ వడ్రంగి తన పేరు ముద్ర చట్రం మీద కొట్టవలసి ఉండేది. 1791లో వృత్తిసంఘాలతోపాటు ఆ నియమమూ పోయినది. కానీ రాజుగారి కొలువులో పనిచేసినవారికి ఆ నిర్బంధం లేదు. పారిస్ వెలుపలి ఊళ్ల మాట సరేసరి. కనుక ముద్ర లేనంత మాత్రాన కుర్చీ చెడ్డది కాదు. ముద్ర ఉన్నంత మాత్రాన మంచిదీ కాదు. చక్కని పాత చట్రానికి దొంగముద్ర కొట్టడం కంటె సులువైన పని మరొకటి లేదు.

నమ్మరా? అయితే వెర్సాయి సంగతి వినండి. 18వ శతాబ్దపు ఫ్రెంచి కుర్చీల మీద ప్రామాణిక గ్రంథం రాసిన పండితుడొకడు, గొప్ప చెక్కడపు పనివాడొకడు కలిసి మేరీ ఆంత్వానెత్ కాలపు కుర్చీలను కొత్తగా ‘తయారు’ చేశారు. కొన్నిటిని వెర్సాయి కోట మ్యూజియమే కొన్నది. వారు చేసిన మరి రెంటిని 2013లో ప్రభుత్వం జాతీయ సంపదగా కూడా ప్రకటించినది. 2016లో గుట్టు రట్టై అరెస్టులు జరిగాయి. 2025 జూన్‌లో పొంత్వాజ్ న్యాయస్థానం వారిద్దరినీ దోషులని తేల్చినది. దేశంలోని మహా నిపుణులు పేరును చూసి కుర్చీని నమ్మారు. మరి జీతం రాళ్లతో కొనే మన పిల్లల గతి ఏమిటి?

ఇక్కడ ఒక మిత్రుడు నన్ను నిలదీశాడు. “అంతటివాళ్లు అడుగుభాగాన్ని కూడా పాతదానిలాగా చేయగలిగారు కదా, మరి మీరు తలక్రిందులు చేసి చూసి ఏమి లాభం?” అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. అడుగుభాగమూ అబద్ధమాడగలదు. కానీ దానిచేత అబద్ధమాడించడానికి చాలా శ్రమ, చాలా ఖర్చు. లక్షల యూరోలు వచ్చే చోటనే ఎవరైనా ఆ పాట్లు పడతారు. మూడు వందల యూరోల కుర్చీకి ఎవడూ పడడు. మరొక మాట. నేను కింద చూసేది అది ఏనాటిదో తేల్చడానికి మాత్రమే కాదు. కీళ్లు బిగువుగా ఉన్నాయా, చెక్క ఆరోగ్యంగా ఉన్నదా, నవారు ఆగుతుందా అని చూస్తాను. 1880లో చేసిన ‘స్తీల్’ కుర్చీ ఈ పరీక్షలో నెగ్గితే దాన్ని నేను గౌరవంగా ఇంటికి తెచ్చుకుంటాను. అది దొంగ కుర్చీ కాదు. దానికి తప్పుడు జాతకం రాసినవాడు దొంగ.

ఈ కుర్చీలకు నేటి కాలంలో ఇద్దరు శత్రువులు దాపురించారు. ఒకరు రంగు, మరొకరు స్పాంజి. అక్రోటు చెక్క మీద రెండు వందల ఏళ్లు పేరుకున్న మైనపు నిగారింపును గీకిపారేసి బూడిదరంగు పూసి, దాన్ని మళ్లీ అంచుల వద్ద గరుకు కాగితంతో రుద్ది ‘పాతదనం’ తెచ్చే వేడుక ఒకటి బయలుదేరింది. నిజమైన పాతదనాన్ని గీకి అబద్ధపు పాతదనం పూయడమన్న మాట! తాళపత్రాన్ని కడిగి ఆరబెట్టి దానిమీద కాపీ రాత రాసినట్లున్నది. స్పాంజి కథ ఇంకా అన్యాయం. గుర్రపు వెంట్రుకల మెత్తను విప్పి, దులిపి, మళ్లీ ఏకి అదే కుర్చీకి తిరిగి కుట్టవచ్చు. తరాల తరబడి నిలుస్తుంది. దాన్ని పారేసి స్పాంజి దిమ్మె కోసి జిగురుతో అంటిస్తారు. కొన్నేళ్లకే అది పొడై రాలుతుంది. వెంట్రుకల పని చేయించడం ఖరీదైన వ్యవహారమే, ఒప్పుకుంటాను. పద్ధతి ప్రకారం చేయిస్తే చాలాసార్లు కుర్చీ ఖరీదును మించిపోతుంది. అందుకే కొనేముందే ఆ పని చేసేవాడిని అడిగి, ఆ ఖర్చును ధరలో కలుపుకొని చూడమంటాను. గుడ్డ చిరిగిపోయి, లోపలి మెత్త మాత్రం పాతదే ఉన్న కుర్చీ దొరికితే అదృష్టమనుకోండి. మనవాళ్లు దాన్ని దాటిపోయి తళతళలాడే పట్టు గుడ్డ వేసిన స్పాంజి కుర్చీ దగ్గర ఆగుతారు.

సరే, ఏది కొనాలి? ముందు ఎవరు కూర్చుంటారో చెప్పండి.

మోకాళ్ల నొప్పులున్న పెద్దలకైతే ‘కాబ్రియోలే’ చేతుల కుర్చీ. వీపు కొంచెం దొప్పలాగా వంగి ఒంటిని పొదివిపట్టుకుంటుంది. తేలికగా ఉంటుంది. చేతుల మీద ఆనుకొని లేవవచ్చు. వీపు బల్లపరుపుగా ఉండేదాన్ని ‘ఆ లా రేన్’ అంటారు. అది ఆ రోజుల్లో గోడకు చేర్చి వరుసగా పెట్టడానికి చేసినది. కాబ్రియోలేలనేమో గది మధ్యకు లాక్కొని మాటలాడుకునేవారు. 15వ లూయీ నాటి కుర్చీల్లో చేతుల కింది కర్ర ముందు కాలికి తిన్నగా కాక వెనక్కు జరిగి ఉంటుంది. స్త్రీల వెడల్పాటి గౌనులు పట్టడానికట. మన చీర కుచ్చిళ్లకూ అది అక్కరకు వస్తుంది.

బాసింపట్టు వేసుకొని కూర్చోకపోతే పుస్తకం చదవలేని నాబోటివాడికి ‘మార్కీజ్’ అని ఒకటున్నది. ఒకటిన్నర మనుషులకు సరిపోయేటంత వెడల్పు. దాన్ని చూసినప్పుడు మన తెలుగువాళ్లను తలచుకొనే చేశారా అనిపిస్తుంది. ‘షొఫోజ్’ అనే పొట్టి కుర్చీ ముద్దుగా ఉంటుందని చాలామంది కొంటారు. అది చలికాలం నిప్పు దగ్గర కూర్చోవడానికి నేలకు దగ్గరగా చేసినది. దానిమీద అరవై దాటినవారిని కూర్చోబెట్టడం పాపం. మూడవ నెపోలియన్ కాలపు ‘క్రపో’ — ఆ మాటకు కప్ప అని అర్థం — కర్ర అన్నది కనబడకుండా అంతా గుడ్డతో కప్పేసినది. లోపల ఏముందో చూడడానికి వీలులేని కుర్చీని నేను కొనను.

నన్నడిగితే అన్నిటికంటె ముందు చూడవలసినది పల్లెటూరి గడ్డి కుర్చీ. కర్ర చట్రం, కూర్చునేచోట పురిపెట్టి అల్లిన గడ్డి. వాన్ గోహ్ 1888లో ఆర్ల్ పట్టణంలో చిత్రించిన కుర్చీ ఇటువంటిదే. ఇప్పుడది లండన్ నేషనల్ గ్యాలరీలో ఉన్నది. ఏ రాజు పేరూ అవసరం లేదు. ఎమ్మాయూస్ దుకాణాల్లో, అటక ఖాళీ సంతల్లో విడివిడిగా అతి చౌకగా దొరుకుతుంది. విడిగా అన్నాను, గమనించండి. జతకు ధర రెండింతలు కాదు, అంతకంటె ఎక్కువ చెబుతారు. ఆరింటి సెట్టు అంటే చెప్పనే అక్కరలేదు. ఒకదానికొకటి పోలని ఒంటి కుర్చీలు నాలుగు తెచ్చుకుంటే ఇల్లు అంగడిలాగా కాక ఇల్లులాగా ఉంటుంది.

“ఇది పెట్టుబడి మాష్టారూ, ముందుముందు ధర పెరుగుతుంది” అనేవారికి ఒక్క మాట. ఈ శతాబ్దం మొదలైనప్పటినుండి సాధారణమైన పాత చెక్క సామాను ధరలు ఐరోపా అంతటా పడిపోతూ వచ్చాయి. ఇప్పటి ఇళ్లు చిన్నవి, రుచులు వేరు. మహా రాజభవనాల వస్తువుల లెక్క వేరు. అవి మనకందవు. కొనేవాడికి ఇది మంచి కాలం, తిరిగి అమ్ముదామనుకునేవాడికి కాదు.

పురాతనం కాకున్నా పాతవైన 20వ శతాబ్దపు కుర్చీల విషయంలో నా వాదన మరింత బలపడుతుంది. జాన్ ప్రూవే 1934లో రూపొందించిన కుర్చీని చూడండి. మనిషి బరువు ఎక్కువగా వెనుక కాళ్ల మీద పడుతుంది గనుక వాటిని వెడల్పైన బోలు ఇనుప రేకుతో చేసి, ముందు కాళ్లకు సన్నని గొట్టం సరిపెట్టాడు. ఎందుకట్లా ఉన్నదో కుర్చీయే చెబుతుంది. అదే సంవత్సరం గ్జావియే పోషార్ తుప్పు పట్టని జస్తా పూత రేకుతో ఒకదానిమీద ఒకటి పేర్చగల ‘తోలిక్స్’ కుర్చీని చేశాడు. దాని నకళ్లు నేడు హైదరాబాదు కాఫీ హోటళ్లలో ఎక్కడ చూసినా కనిపిస్తాయి. ఇక పారిస్ కాఫీ హోటలు కుర్చీ అంటూ అందరూ ముచ్చటపడే వంపు కర్ర కుర్చీ అసలు ఫ్రెంచిదే కాదు. 1859లో వియన్నా నుండి మిఖాయేల్ తోనెట్ తెచ్చినది. మళ్లీ విశేషణమే తప్పు!

అన్నిటికంటె నన్ను కలతపెట్టేది చండీగఢ్ కుర్చీ. పియేర్ జన్నరే స్విట్జర్లాండులో పుట్టి ఫ్రాన్సులో పనిచేసిన వాస్తుశిల్పి. 1950లలో చండీగఢ్ కార్యాలయాల కొరకు టేకు చట్రంతో, పేము అల్లికతో కుర్చీలు రూపొందినప్పుడు ఆయనతోపాటు యూలీ చౌదరి వంటి ఇక్కడి వాస్తుశిల్పులూ పాలుపంచుకున్నారు. చేసినది మన వడ్రంగులు. కాలక్రమాన అవి విరిగి మేడల మీద గుట్టలుగా పడి ఉంటే తుక్కు కింద వేలం వేశారు. విదేశీ వర్తకులు కొనుక్కుపోయి, బాగుచేసి, పారిస్‌లోనూ న్యూయార్క్‌లోనూ లక్షల రూపాయలకు అమ్ముకున్నారు. మన పురావస్తు చట్టం (1972) నూరేళ్లు నిండిన వస్తువులకే వర్తిస్తుంది గనుక అడ్డుకోలేకపోయినది. 2011లో గానీ కేంద్ర హోంశాఖ వాటి అమ్మకాన్ని నిషేధించలేదు. కుర్చీ వెనుక గుమాస్తా రంగుతో రాసిన ఆఫీసు నెంబరే ఇప్పుడు దానికి అసలుదనపు ముద్ర. ఆ నెంబరునూ దొంగగా రాస్తున్నారు. అందులో కూర్చొని ఫైళ్లు రాసినన్నాళ్లూ అది వట్టి కుర్చీ. సముద్రం దాటి ‘ఫ్రెంచి’ అనే విశేషణం తగిలించుకోగానే దానికి విలువ వచ్చినది. చేసిన వడ్రంగుల పేర్లు చాలావరకు ఎవరూ రాసిపెట్టలేదు. ఇప్పుడు మన పిల్లలే పారిస్ అంగళ్లలో ఆ కుర్చీ ముందు నిలబడి, ఇది ఫ్రెంచిదేనా అని అడుగుతుంటే నాకు నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు.

ఒక సంగతి చెప్పడం మరచిపోయాను. పారిస్, లియోన్ వంటి నగరాల్లో పాత మేడల మెట్లు ఇరుకు, లిఫ్టు ఉంటే మరీ ఇరుకు. ‘కనపే’ అనే పొడుగు సోఫా కొన్న తరువాత అది ఇంట్లోకి పట్టక, వీధిలోనుండి కిటికీ దాకా నిచ్చెన యంత్రం ఎత్తించి ఎక్కించినవారు నాకు తెలుసు. ఆ యంత్రపు అద్దె వారు ముందుగా లెక్క వేసుకోలేదు. మా అమ్మాయి ఇల్లు నాలుగో అంతస్తు, మెట్ల మలుపు వద్ద వెడల్పు 82 సెంటీమీటర్లు. ఆ అంకె రాసిన చీటీ, కొలత టేపు నా జేబులో ఉంటాయి. మొన్న శనివారం సంతలో అక్రోటు చెక్క కనపే ఒకటి, లోపలి మెత్త చెదరకుండా, ఎంతో సరసమైన ధరకు కనిపించింది. అమ్మే ఆయన కూడా దాన్ని స్తీల్ అనే చెప్పాడు, పెద్దమనిషి. కొలిచాను. పట్టదు.